గళ్ల కాగితం మీద రాజ్యాలు

ఒక రాజ్యం ఉంది. దాని పేరు అలెఫ్‌గార్డ్. దాని పొడవు 120 గళ్లు, వెడల్పు 120 గళ్లు. అంటే మొత్తం 14,400 గళ్లన్నమాట. ఒక గడిలో గడ్డి, ఒక గడిలో కొండ, ఒక గడిలో ఇసుక, ఒక గడిలో నీళ్లు. ఇలాంటి గళ్లను నేల మీద బండలు పరిచినట్టు పక్కపక్కనే పేర్చి ఆ రాజ్యాన్ని కట్టారు. కట్టినవాళ్లు జపాను దేశస్థులు. 1986లో ఎనిక్స్ అనే కంపెనీ విడుదల చేసిన "డ్రాగన్ క్వెస్ట్" అనే వీడియో ఆటలో ఉన్నది ఆ రాజ్యం.

ఆ ఆటలో మీరే వీరుడు. వెలుగు గోళాన్ని ఎత్తుకుపోయిన దుష్టుణ్ణి జయించి రమ్మని రాజుగారు మిమ్మల్ని పంపిస్తాడు. రాజుగారి కోటలోనుంచి బయటికి రాగానే ఆ దుష్టుడి కోట నీళ్లకు అవతల కనిపిస్తూనే ఉంటుంది. కేక వేస్తే వినపడేటంత దగ్గర. అయినా అక్కడికి చేరాలంటే రాజ్యమంతా చుట్టి రావలిసిందే.

చుట్టి రావటం ఎలా? టెలివిజను తెర మీద ఒకసారికి అడ్డంగా 16 గళ్లు, నిలువుగా 15 గళ్లు మాత్రమే పడతాయి. 240 గళ్లు. అంటే రాజ్యంలో అరవయ్యోవంతు. మీరు ఒక గడి తూర్పుకు జరిగితే తూర్పున ఒక వరస కొత్తగా కనిపిస్తుంది, పడమట ఒక వరస మాయమవుతుంది. గుహల్లోకి దిగితే మరీ కష్టం. అంతా చిమ్మచీకటి. దివిటీ వెలిగిస్తే మీ చుట్టూ ఒక్కొక్క గడి మాత్రం కనిపిస్తుంది. ఇందాక వచ్చిన దారి ఏదో మీ జ్ఞాపకానికే వదిలేస్తారు.

జ్ఞాపకం చాలలేదు. అంచేత ఆటగాళ్లు పెన్సిలూ, గళ్ల కాగితమూ తీశారు. తెర మీద ఒక అడుగు వేసి, కాగితం మీద ఒక గడి నింపారు. గోడ తగిలితే గీత గీశారు, మెట్లు కనబడితే గుర్తు పెట్టారు, పెట్టె దొరికితే చుక్క పెట్టారు. ప్రపంచంలో అనేక దేశాల పిల్లలు ఒకరినొకరు ఎరగకుండానే ఈ పని చేశారు. దీనికెవరూ మార్కులు వెయ్యలేదు, డబ్బూ ఇవ్వలేదు.

ఇదేమంత తేలిక పని కాదు సుమా! 1981లో అమెరికాలో వచ్చిన "విజార్డ్రీ" అనే ఆటలో పది అంతస్తుల పాతాళం ఉంది. ఒక్కొక్క అంతస్తు 20 గళ్ల పొడవు, 20 గళ్ల వెడల్పు. అందులో కొన్ని గళ్లు వట్టి మోసం. వాటి మీద కాలు పెట్టగానే మనిషి ముఖం గిర్రున మరొక దిక్కుకు తిరిగిపోతుంది. తిరిగిన సంగతి తెలియదు. మీరు ఉత్తరానికి పోతున్నామనుకుంటూ తూర్పుకు పోతారు. కొంతసేపటికి కాగితం మీద ఒక గదిలోకి మరొక గది జొరబడుతుంది. అప్పుడు గాని, "ఎక్కడో నన్ను తిప్పేశారు!" అని తెలిసిరాదు. కాబట్టి పటం అన్నది దారి చూపటానికే కాదు, మోసాన్ని పట్టుకోటానికి కూడా పనికివచ్చింది.

1987లో వచ్చిన "ఫైనల్ ఫాంటసీ" అనే ఆటలో ప్రపంచం ఇంకా పెద్దది, 256 గళ్లు పొడవు, 256 గళ్లు వెడల్పు. అందులో తూర్పు అంచు దాటితే పడమటి అంచులో తేలతారు. భూమి గుండ్రంగా ఉన్నది గనక అది సరే. కాని ఉత్తరపు అంచు దాటితే దక్షిణపు అంచులో తేలతారు! మన భూమి మీద ఇలా జరగదు. బంతి మీద ఏ పటాన్ని చుట్టినా అలా కలవదు. అలా కలవాలంటే ఆ ప్రపంచం గారె ఆకారంలో, నడుమ చిల్లుతో ఉండాలి. నమ్మకపోతే ఒక గారె తీసుకుని చీమ ఎటు నడిస్తే ఎక్కడ తేలుతుందో వేలితో గీసి చూడండి. ఆ తరవాత తినెయ్యవచ్చు.

ఈనాడు ఆ ఆటల అభిమానులు పెన్సిలుకు బదులు కంప్యూటరుతో ఈ పని చేస్తున్నారు. తెర మీది బొమ్మను అడుగడుక్కూ పట్టి ఉంచి, ఆ ముక్కలన్నిటినీ అతికి, యావత్తు రాజ్యాన్నీ ఒకే పటంగా చేస్తారు. అలెఫ్‌గార్డ్ మొత్తానికి కనీసం అరవై నాలుగు తెరలు కావాలి. ప్రతి ముక్కలోనూ నడుమ వీరుడు నిలబడి ఉంటాడు, అతన్ని తుడిచెయ్యాలి. కొన్ని ఆటల్లో నీళ్ల గళ్లలో అలలు కదులుతూ ఉంటాయి, పక్కపక్క ముక్కల్లో అలలు కలిసేటట్టు చూడాలి. ఒక్క గడి తప్పితే దాని తరవాతవన్నీ తప్పుతాయి. ఆట కట్టినవాళ్లు కూడా ఇంత ఓపికగా ఆ రాజ్యాన్ని మళ్లీ చూసి ఉండరు.

అనంతపురం జిల్లా చూపిస్తానని పిలిచి ఈ జపాను రాజ్యాల గోల ఏమిటని మీ నాన్నగారు అడగవచ్చు. చెబుతాను. ముందు గుత్తి కోట ఎక్కండి.

గుత్తి రైలు జంక్షను. ఊరి పక్కనే కొండ, కొండ మీద కోట. కింది మైదానానికి సుమారు 300 మీటర్ల ఎత్తు. పొద్దున్నే ఎక్కితే మేలు, తరవాత బండలు కాలతాయి. పైనుంచి చూస్తే పీఠభూమి అంతా పరుచుకుని ఉంటుంది. ఎర్రనేల గళ్లు, నల్లరేగడి గళ్లు, గులకరాళ్ల గుట్టలు, అక్కడక్కడా చింతచెట్లు, గట్టు మాత్రం మిగిలి నీళ్లు లేని కుంటలు. వానాకాలంలో వేరుశెనగ చేలు పచ్చగా ఉంటాయి. మిగతా రోజుల్లో ఎరుపు రంగే హెచ్చు.

ఈ మైదానాన్ని నిజంగానే గళ్లుగా కొలిచిన రోజులున్నాయి. 1800లో ఈ ప్రాంతం ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. దీన్నే దత్తమండలం అన్నారు. దానికి థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. చేను చేనూ కొలిపించే పని 1802లో మొదలుపెట్టాడు. అప్పటికి భూమి కొలవటం తెలిసినవాళ్లు ఆయన కచేరీలో నలుగురే గుమాస్తాలట. వాళ్లు మరి కొందరికి నేర్పారు, వాళ్లు ఇంకా కొందరికి నేర్పారు. కొలిచే గొలుసు 33 అడుగులు. నాలుగువైపులా 33 అడుగులుండే చదరం ఒక గుంట. అలాంటివి 40 అయితే ఎకరం. లెక్క వేసి చూసుకోండి, 43,560 చదరపు అడుగులు వస్తుంది. జపాను రాజ్యానికి గడి ఎలాగో ఈ రాజ్యానికి గుంట అలాగ. అయితే ఆ గొలుసు పట్టినవాళ్లు ఎండలో నడిచారు. మన్రో కొలిపించింది పన్ను కోసమే, అయినా రైతులు ఆయన్ని మెచ్చుకుని పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటారు. 1827లో ఆయన పత్తికొండలో కలరాతో పోతే మొదట ఈ గుత్తిలోనే పాతిపెట్టారు.

ఈ నేలకు వానలెందుకు తక్కువో పైనుంచి చూస్తే తెలియదు గాని, దేశపటం చూస్తే తెలుస్తుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసి, ఇక్కడికి వచ్చేసరికి తేలిపోతాయి. ఈశాన్య మేఘాలు తూర్పుతీరం మీద కురిసి, ఇంతదూరం రాలేక ఆగిపోతాయి. రెండు విందులకూ దూరమైన ఇల్లన్నమాట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే 22 అంగుళాల వాన. అది కూడా నమ్మకం లేదు.

గుత్తి నుంచి తాడిపత్రికి పోదాం. దారిలో నేల రంగు మారుతుంది. తాడిపత్రి పెన్నానది ఒడ్డున ఉంది. నది అంటే చాలా రోజులు ఇసుకే. ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. బుగ్గ అంటే ఊట. పైన ఎంత ఎండినా కింద ఎక్కడో నీరు కదులుతుందనటానికి ఆ పేరే సాక్ష్యం. ఈ ఊరి చుట్టూ నేలలో సున్నపురాయి పొరలు పొరలుగా ఉంది. ఆంధ్రదేశంలో ఎన్నో ఇళ్లలో కాళ్ల కింద ఉండే చదరపు నల్లబండలు ఇక్కడివే. మీ ఇంట్లో కూడా ఉన్నాయేమో చూడండి.

సున్నపురాయిని నీరు కరిగిస్తుంది. వేల ఏళ్లు కరిగిస్తే గుహ ఏర్పడుతుంది. తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, బెలుం గుహలు అలా ఏర్పడినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు వీటి సంగతి రాశాడు. ఆ తరవాత సుమారు నూరేళ్లు ఎవరూ లోపలి దారులు పూర్తిగా చూడలేదు. 1982, 1983 సంవత్సరాల్లో గెబావర్ అనే జర్మను దేశస్థుడు తన బృందంతో వచ్చి, ఇక్కడివాళ్ల సాయంతో లోపల పాకి, దూరి, కొలిచి పటం తయారు చేశాడు. లెక్కకు వచ్చిన పొడవు 3,229 మీటర్లు. ఈనాడు మీరు దీపాల వెలుగులో పాతాళగంగ దాకా నడిచి వస్తున్నారంటే అది అలాంటివాళ్ల చలవే. వాళ్లు గుహల అభిమానులు.

ఆటల పటాలకూ గుహల పటాలకూ నిజంగానే చుట్టరికం ఉంది. అమెరికాలో విల్ క్రౌథర్ అనే కంప్యూటరు పనివాడు ఉండేవాడు. సెలవు దొరికితే కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో దూరి కొలతలు తీసేవాడు. 1975–76 ప్రాంతాల తన ఇద్దరు కూతుళ్ల సరదా కోసం ఒక కంప్యూటరు ఆట రాశాడు. దాని పేరు "అడ్వెంచర్". అందులో బొమ్మలు లేవు, మాటలే. తను కొలిచిన గుహనే మాటల్లో పెట్టి, "ఎటు పోతావు?" అన్నట్టు అడుగుతాడు. అన్నీ ఒక్కలాగే ఉండే చిక్కుదారులు కొన్ని అందులో ఉన్నాయి. ఆడినవాళ్లు దారి తప్పకుండా ఒక్కొక్క చోట ఒక్కొక్క వస్తువు పడేసి గుర్తుపట్టేవాళ్లు, కాగితం మీద గీసుకునేవాళ్లు. నిజం గుహ పటం ఆటయింది, ఆ ఆట తిరిగి కాగితం మీద పటమయింది.

ఇక తాడిపత్రి విడిచి పడమటికి, కల్యాణదుర్గం వైపు పోదాం. ఇక్కడ సున్నపురాయి లేదు, గుహలు లేవు. కింద ఉన్నది నల్లరాయి. అది కరగదు. వాన నీరు పైన శిథిలమైన పొరలోనూ, ఆ కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. పగుళ్లు ఎటు పోతాయో పైకి తెలియదు. ఒకరి చేలో 200 అడుగులకు నీళ్లు పడితే, గట్టు అవతలి చేలో 600 అడుగులు తొలిచినా దుమ్మే రావచ్చు. దివిటీ కూడా లేని గుహ అనుకోండి.

పూర్వం ఇక్కడ దిగుడు బావులుండేవి, ఎద్దులతో కపిల తోలేవారు. నీళ్లెంత లోతున ఉన్నాయో తొంగిచూస్తే తెలిసేది. బోరు వచ్చాక తొంగిచూసే వీలు పోయింది. బోరుబండి వచ్చేముందు కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో తిరుగుతారు. కాయ నిలువుగా లేచినచోట నీళ్లున్నాయంటారు. కాయకు ఆ సంగతి ఎలా తెలుస్తుందో నాకు బోధపడదు. నీళ్లు పడితే కాయ గొప్పదనం, పడకపోతే రైతు అదృష్టం. అప్పు మాత్రం రైతుదే. ఒక బోరు ఎండితే ఇంకొకటి, అదీ ఎండితే మరొకటి. ఇలా తొలిచి తొలిచి పొలం అమ్ముకుని బెంగుళూరుకు కూలికి పోయిన కుటుంబాలు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. ఆటలో వీరుడు చస్తే మళ్లీ రాజుగారి ముందు లేచి నిలబడతాడు. ఇక్కడ అలా కాదు.

మరి ఈ పాతాళానికి పటం గీసేదెవరు? ఇక్కడివాళ్లే గీశారు.

1990ల నుంచి వాటర్‌షెడ్ పనులు జరిగిన పల్లెల్లో ఒక అలవాటు వచ్చింది. రచ్చబండ దగ్గర నేల చిమ్మి, ఊళ్లోవాళ్లే ముగ్గుపిండితో తమ ఊరి పటం గీస్తారు. వంకకు ఒక రంగు పొడి, గుట్టకు రాళ్లు, ఇంటికి ఒక చింతగింజ. కాగితం మీద పటం చదవటం రాని అవ్వలు కూడా, "కాదు కాదు, వంక అక్కడ తిరగదు, మా చేని పక్కన తిరుగుతుంది" అని వంగి, చేత్తో చెరిపి దిద్దుతారు. పదిమంది చూస్తూ ఉంటే పటంలో తప్పు నిలవదు. ముగ్గు పెట్టటానికి చుక్కలు సరిచూసుకునే చేతులకు ఇది కొత్త విద్యేమీ కాదు.

అయితే ముగ్గు పటం నేల పైన ఉన్నదాన్నే చూపుతుంది. కింద ఉన్నదాని కోసం 2003లో ఇంకొక పని మొదలయింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా పల్లెల్లో రైతులే భూగర్భజలాన్ని కొలవటం నేర్చుకున్నారు. మగవాళ్లూ, ఆడవాళ్లూ. పదిహేను రోజులకోసారి, గుర్తు పెట్టుకున్న బోర్లలోకి కొలతటేపు దించుతారు. టేపు కొస నీళ్లను తాకగానే పైన కుయ్యిమని చప్పుడు. అంకె రాసుకుంటారు. బోరు నీళ్లతో డ్రమ్ము ఎంతసేపట్లో నిండిందో గడియారం పట్టుకుని చూస్తారు. వానమాపకంలో పడిన వాన రాసుకుంటారు. ఆ అంకెలను అందరికీ కనబడేటట్టు ఊళ్లో బోర్డు మీద రాస్తారు.

ఒక్క బోరు అంకె వల్ల ఏమీ తెలియదు, దివిటీ వెలుగులో కనబడే ఒక్క గడిలాగే. కాని అన్ని అంకెలనూ ఒక పటం మీద పెడితే, ఏ మూల నీరు దిగుతున్నదో, ఏ మూల నిలుస్తున్నదో, ఏ వంక కింద ఎవరెవరి బోర్లకు పొత్తు ఉన్నదో మొదటిసారిగా కనబడింది. "నా బోరు, నా నీళ్లు" అనుకున్నవాడికి తన గడి పక్కవాడి గడితో కలిసే ఉందని తెలిసింది. రబీ పంటకు ముందు అందరూ కూర్చుని లెక్క వేసేవాళ్లు. కింద ఉన్న నీళ్లు ఇన్ని, అందరూ వెయ్యాలనుకున్న పంటలకు కావలసినవి ఇన్ని. వరి మడికి పట్టే నీళ్లతో వేరుశెనగ రెండింతల నేల పండుతుంది. ఎవరినీ ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసి ఎవరికి వాళ్లే తేల్చుకున్నారు. చాలాచోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలు వేశారు.

ఇక్కడే ఆటల పటానికీ ఈ పటానికీ తేడా వస్తుంది. అలెఫ్‌గార్డ్ పటం ఒకసారి సరిగా గీస్తే చాలు, ఎన్నేళ్లయినా ఆ 14,400 గళ్లు అలాగే ఉంటాయి. పల్లెలోని నీటిపటం పదిహేను రోజులకు పాతబడుతుంది. టేపు దించే చెయ్యి ఆగిందా, గళ్లు మళ్లీ నల్లబడతాయి. ఆ పథకం ముగిశాక అన్ని పల్లెల్లోనూ కొలతలు అలాగే సాగలేదు. అందుకు రైతులను తప్పుపట్టలేము. ఫలితం చేతికి రాకుండా ఏళ్ల తరబడి గడి వెంట గడి నింపుకుంటూ పోవటానికి ఒక రకం పిచ్చి ఉండాలి. ఆ పిచ్చి ఆటల పటాలు గీసేవాళ్లలో దండిగా ఉంది. అందులో కొంత అరువు దొరికితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ఇక మీ వంతు. లెక్కల నోటుబుక్కులోనుంచి ఒక గళ్ల కాగితం తీసుకోండి. గడికి పది అడుగులో, పాతిక అడుగులో మీరే నిర్ణయించి కాగితం మూల రాసుకోండి. మీ ఇంటి గడి నుంచి మొదలుపెట్టి నడవండి. చూసిన గడినే నింపండి, చూడనిదాన్ని ఖాళీగా వదలండి. ఊహించి నింపిన గడి ఆటలోనైనా చేలోనైనా మోసం చేస్తుంది. బావో, బోరో కనబడితే గుర్తు పెట్టి, అందులో నీళ్లెంత లోతున ఉన్నాయో పెద్దవాళ్లను అడిగి అంకె వెయ్యండి. మీరు మాత్రం బావిలోకి వంగవద్దు. అంకె పక్కనే తారీఖు వెయ్యండి. ఎండిన బావి ఏ ఏడు ఎండిందో మీ అవ్వను అడగండి, ఆమెకు తప్పక గుర్తుంటుంది. చెరువు గడికి నీలం రంగు వేసేముందు మాత్రం ఒకసారి కట్ట మీదికి వెళ్లి చూసి రండి.